లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులో దొరికిన షాన్ కానరీ

విజయవాడలో ఒరిజినల్ డీవీడీలు ఇంకా ఎక్కడైనా దొరుకుతున్నాయా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, దొరుకుతున్నాయి, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు వరసగా ఉంటాయి కదా, అక్కడే. నెల క్రితం మా పాపకి ఇంటర్ ఫిజిక్స్ గైడ్ కావాలంటే వెళ్ళా, గైడ్ 120కి దొరికింది, డబ్బులిచ్చి వచ్చేద్దాం అనుకుంటుంటే కింద అరలో డీవీడీల కట్ట ఒకటి కనిపించింది. రబ్బరు బ్యాండు వేసి పైన చీటీ మీద నీలం ఇంకుతో ‘షాన్ కానరీ, వరస మార్చొద్దు’ అని రాసుంది. పాత జేమ్స్ బాండ్ సినిమాల హీరో, స్కాట్లాండ్ నటుడు, ఆయనే.

షాపాయన్ని అడిగితే, ఎవరో లెక్చరర్ గారు ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చి వెళ్ళారండీ, విడిగా అయితే ఇవ్వను, తీసుకుంటే మొత్తం తీసుకోండి అన్నారు. ఎనిమిది సినిమాలు, 640 రూపాయలు. నేను 600 ఇస్తానంటే ఇంకో మాట లేకుండా సరే అన్నారు. నాకు నచ్చింది ఏంటంటే డబ్బులు తీసుకున్నాక కూడా ఆయన ఒక్కో డిస్కు బయటికి తీసి ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తని బనీను గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిచి ఇచ్చారు. గుండ్రంగా తుడవకండి బాబూ, గీత పడితే అక్కడే ఆగిపోద్ది అన్నారు. ఇరవై నిమిషాలు పట్టింది, వెనకాల ఇద్దరు కస్టమర్లు నిలబడున్నా కంగారు పడలేదు.

ఇంటికొచ్చాక వరస ఎందుకు మార్చొద్దన్నారో అర్థమైంది, సినిమాలు వచ్చిన ఏళ్ళ వరసలో పేర్చున్నాయి. మొదటిది డాక్టర్ నో, 1962లో వచ్చిన బాండ్ సినిమా. జేమ్స్ బాండ్ అనే గూఢచారిని నవలల్లో పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్‌కే కానరీ ఆ పాత్రకి సరిపోతాడని మొదట అనిపించలేదంట, సినిమా చూశాక మనసు మార్చుకుని తర్వాత రాసిన నవలలో బాండ్ తండ్రిని స్కాట్లాండ్ వాడిగా చేసేశాడు. డైరెక్టర్ టెరెన్స్ యంగ్ తన టైలర్ దగ్గరికి తీసుకెళ్ళి సూట్లు కుట్టించి, ఎలా నడవాలో ఎలా తినాలో దగ్గరుండి నేర్పించాడు. అంటే మనం తెరమీద చూసే ఆ దర్జా పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది.

ఎందుకంటే పుట్టింది 1930లో ఎడిన్‌బరోలో ఫౌంటెన్‌బ్రిడ్జ్ అనే కార్మికుల పేటలో. నాన్న ఫ్యాక్టరీలో పని, లారీ కూడా నడిపాడు, అమ్మ క్లీనింగ్ పనికి వెళ్ళేది. చిన్నప్పుడే చదువు మానేసి గుర్రబ్బండి మీద ఇంటింటికీ పాలు వేశాడు. తర్వాత నేవీలో చేరితే కడుపులో అల్సర్ అని 19 ఏళ్ళకే పంపించేశారు, అప్పటికే చేతి మీద రెండు పచ్చబొట్లు, ఒకటి అమ్మా నాన్న అని, ఇంకోటి స్కాట్లాండ్ ఫరెవర్ అని. శవపేటికలకి పాలిష్ పెట్టాడు, ఆర్ట్ కాలేజీలో బొమ్మలు గీసే పిల్లల ముందు మోడల్‌గా నిలబడ్డాడు, కండలు పెంచి మిస్టర్ యూనివర్స్ పోటీకి లండన్ వెళ్ళాడు, అక్కణ్ణుంచే ఒక మ్యూజికల్ నాటకంలో కోరస్‌లో చిన్న చోటు దొరికింది.

ఇదంతా నేను మా నాన్నకి చెప్తూ సినిమాలు చూపించా. పాలు వేశాడు అనగానే నాన్న కుర్చీ ముందుకి లాక్కున్నాడు. మా నాన్న 22 ఏళ్ళు చిట్టినగర్ పాల ప్రాజెక్టు నుంచి ప్యాకెట్లు సైకిల్ మీద తెచ్చి కొత్తపేట, బ్రాహ్మణ వీధి, సామారంగం చౌక్ చుట్టుపక్కల సందులన్నీ తిరిగి వేశాడు. కానరీ పెద్ద స్టార్ అయ్యాక ఎడిన్‌బరోలో టాక్సీ ఎక్కి దారిలో వచ్చే ప్రతి వీధి పేరూ చెప్తుంటే, నీకిన్ని వీధులు ఎలా తెలుసయ్యా అని డ్రైవర్ ఆశ్చర్యపోయాడంట, ఇక్కడ పాలు వేసేవాణ్ణి అన్నాడంట ఈయన. అది చెప్పినప్పుడు నాన్న ఏమీ అనలేదు, కాసేపటికి, గుర్రమైతే ఇల్లు దానికే తెలుసుద్ది, అదే ఆగుద్ది, సైకిల్‌కి మనమే గుర్తుపెట్టుకోవాలి అన్నాడు.

బాండ్ సినిమాలు నాన్నకి పెద్దగా ఎక్కలేదు, నిజం చెప్పాలంటే నాకూ ఇప్పుడు చూస్తే కొన్ని చోట్ల ఆడవాళ్ళతో ఆ పాత్ర ప్రవర్తించే తీరు కష్టంగానే అనిపించింది. కానరీ కూడా 1965లో ఒక ఇంటర్వ్యూలో ఆడదాన్ని కొట్టడం తప్పేం కాదన్నట్టు మాట్లాడాడు, ఎంత అభిమానం ఉన్నా అది నేను సమర్థించలేను.

కట్టలో అసలైన వజ్రం నాలుగోది, ద మ్యాన్ హూ వుడ్ బి కింగ్, 1975. కిప్లింగ్ కథ, జాన్ హ్యూస్టన్ తీశాడు. బ్రిటిష్ ఇండియాలో పనిచేసిన ఇద్దరు మాజీ సిపాయిలు, కానరీ, మైకేల్ కెయిన్, కొండలు దాటి అఫ్గానిస్తాన్ వైపున్న కాఫిరిస్తాన్ వెళ్ళి రాజులవుదాం అనుకుంటారు, వాళ్ళకి దుబాసీగా మన సయీద్ జాఫ్రీ, ఆయన ఎంత బాగా చేశాడో. జనం కానరీని దేవుడనుకుంటారు, మెల్లగా ఆయనే నమ్మడం మొదలుపెడతాడు. పెళ్ళి సీన్లో ఆ పిల్ల భయంతో బుగ్గ మీద కొరికితే చెంప మీద రక్తం, ఆయన వేలితో తడుముకుని చూసుకుంటాడు, ఆ ఒక్క క్షణంలో ముఖంలోంచి దేవుడు దిగిపోతాడు. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశా. నాన్నకి ఇంగ్లీషు రాదు, ఆ సీన్‌కి మాత్రం నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాతవి గడ్డంతో, బట్టతలతో. బాండ్‌గా చేసినప్పుడు కూడా విగ్గే, తర్వాత తర్వాత చాలా సినిమాల్లో అది తీసేసి ముసలితనాన్ని దాచుకోకుండా నటించాడు, నాకైతే అప్పుడే పెద్ద నటుడయ్యాడు అనిపిస్తుంది. 1987లో ద అన్‌టచబుల్స్‌లో ముసలి బీట్ కానిస్టేబుల్‌గా చేసి ఆస్కార్ తీసుకున్నాడు, తూట్లు పడ్డ ఒంటితో నేల మీద పాక్కుంటూ వెళ్ళే సీన్ ఉంది, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. ఇండియానా జోన్స్ మూడో భాగంలో హారిసన్ ఫోర్డ్‌కి తండ్రి, వయసులో తేడా చూస్తే 12 ఏళ్ళే. రష్యా సబ్‌మెరైన్ కెప్టెన్‌గా చేసినా స్కాట్లాండ్ యాస మాత్రం వదల్లేదు, గుంటూరోళ్ళు అమెరికా వెళ్ళినా మాట మారనట్టే.

ఇక షాపు విషయం. ఏడో డిస్కు సగంలో ఆగిపోయింది, తీసుకెళ్తే షాపాయన తన చిన్న ప్లేయర్‌లో పెట్టి చూసి, ఒక్క మాట కూడా అడక్కుండా 75 రూపాయలు వెనక్కిచ్చారు, ఇంకో కాపీ వస్తే ఫోన్ చేస్తానని నంబర్ రాసుకున్నారు. లోటు అంటే బిల్లు ఇవ్వరు, లోపల ఫ్యాను లేదు, మధ్యాహ్నం వెళ్తే చెమటలు కారిపోతాయి, సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళండి. డిస్కుల్లో తెలుగు సబ్‌టైటిల్స్ ఉండవు, పెద్దవాళ్ళతో చూస్తే పక్కన కూర్చుని చెప్పాల్సిందే. ఓటీటీలో ఈ సినిమాలు ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ, ఇవ్వాళ ఉంటే రేపు ఉండవు, ఒక మనిషి ముప్పై ఏళ్ళ పనిని వరసగా పేర్చి 600కి చేతిలో పెట్టేవాళ్ళు నాకైతే ఇంకెక్కడా కనపడలేదు.

1965లో వచ్చిన ద హిల్ అనే మిలిటరీ జైలు సినిమా దొరికితే పక్కన పెట్టమని షాపాయనకి చెప్పి వచ్చా. ఈసారి నాన్న కూడా వస్తానన్నాడు, బండి మీద వెనక కూర్చుని దారి తనే చెప్తాడంట, మెయిన్ రోడ్డు ఎక్కకుండా సందుల్లోంచి.