మూడేళ్లు ఒకే కత్తితో చెక్కాక

కొయ్య చెక్కడం నేర్చుకుందామని మొదట పన్నెండు పనిముట్ల సెట్టు ఒకటి కొన్నాను. పేరెందుకులెండి. అందులో తొమ్మిది ఇప్పటికీ పెట్టె దాటి బయటికి రాలేదు. కత్తి అని ఉన్నదానికి ఎంత సాన పట్టినా పదును గంటసేపు నిలిచేది కాదు. ఆ తర్వాత కొన్నది మోరా 120 అనే చెక్కుడు కత్తి ఒక్కటే. పిట్టలు, చదరంగం పావులు, చెంచాల కాడలు, మూడేళ్లుగా అన్నీ దాంతోనే.

స్వీడన్ కత్తి ఇది. బ్లేడు సుమారు 6 సెంటీమీటర్లు, మొన దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. దీనికి అన్నలాంటి మోరా 106 బ్లేడు 8 సెంటీమీటర్లు ఉంటుంది. కొత్తవాళ్లకు పొట్టిదే నయం. ఎడమ బొటనవేలు కత్తి వీపు మీద ఆనించి నెట్టేటప్పుడు మొన ఎక్కడుందో తెలుస్తూ ఉంటుంది. మధ్యలో గట్టి కార్బన్ ఉక్కు, దానికి రెండు పక్కలా మెత్తని ఉక్కు పొరలు. స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి తుప్పు పడుతుంది. ఒకసారి పచ్చి కొయ్య చెక్కి తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి మచ్చలు. బద్ధకం నాది, కత్తిని అని లాభం లేదు.

అసలు తంటా పదునుతోనే. మొదటి ఏడాది వారం వారం రాయి మీద రుద్దేవాణ్ణి, అయినా కత్తి తెగేది కాదు. ఎందుకో అర్థం కాక ఒకరోజు అంచు పక్కనున్న వాలు మీద నల్ల మార్కర్ పూసి, నాలుగుసార్లు రాయి మీద లాగి చూశాను. వాలు పైభాగంలో రంగు పోయింది గానీ, అంచు వెంట సన్నటి నల్లగీత అలాగే ఉంది. అంటే ఇన్నాళ్లూ రాయి అంచును తాకనే లేదు! ఈ కత్తికి వాలు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దాన్ని పూర్తిగా రాయికి ఆనించి, అంచు వెంట వేలికి గరుకు తగిలేదాకా 1000 గ్రిట్ రాయి మీద రుద్దాలి (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు), తర్వాత రెండోవైపూ అంతే. ఆపైన 3000. అంతకు మించి రాళ్లు కొనక్కర్లేదు.

రాయి కంటే ఎక్కువ వాడేది తోలు. చదునైన చెక్కకు తోలు ముక్క అంటించి, ఆకుపచ్చ పాలిషింగ్ ముద్ద రుద్దాను. చెక్కుతూ అరగంటకోసారి వైపుకు పదిసార్లు, వీపు ముందుకు, అంచు వెనక్కి వచ్చేలా లాగుతాను. చివర్లో మణికట్టు లేపితే అంచు గుండ్రంగా అయిపోతుంది. నేను చేసిన రెండో తప్పు అదే. ఇలా చూసుకుంటే రాయి అవసరం రెండు మూడు నెలలకోసారే వస్తోంది.

పదును చూడ్డానికి కాగితం కోయడం, చేతి మీద వెంట్రుకలు గీకడం నాకు నచ్చవు. మెత్తని కొయ్య ముక్క కొసను, నారకు అడ్డంగా ఒక్క పొర తీస్తాను. కోసినచోట నున్నగా మెరిస్తే సరే. తెల్లగా నలిగినట్టుంటే మళ్లీ తోలు దగ్గరికే. నా బొటనవేలి మీద మచ్చ అలా నలుగుతున్నా పట్టించుకోకుండా బలంగా నెట్టిన రోజుది.

చెంచా గుంట తీయడానికి మాత్రం ఇది పనికిరాదు, వంపు కత్తి వేరే కావాలి. దాని లోపలివైపు రాయి ఆనదు, గుండ్రటి కర్రకు వాటర్ పేపర్ చుట్టి రుద్దాలి. అది కొని రెండు నెలలైంది, ఇంకా కుస్తీ పడుతున్నాను.