పాకాల, శివ్వారం, కాళేశ్వరం: తాబేళ్ల కోసం తిరిగిన దారి

వరంగల్ టూర్ అంటే వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప, లక్నవరం. అవన్నీ ఇదివరకే చూసేశాం కాబట్టి ఈసారి ప్లాన్ మా చెల్లెలికి వదిలేశాను. తను కాలేజీలో జువాలజీ చెప్తుంది, తాబేళ్లంటే ప్రాణం. తొట్లలో గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి నదుల్లో వదిలే పద్ధతి గురించి చాలాకాలంగా చదువుతోంది. అలా పెంచిన తాబేళ్లని మన గోదావరిలో వదిలితే బతుకుతాయా అన్నది కళ్లారా చూసి తేల్చుకోవాలని తన పట్టుదల. వెళ్లింది జనవరిలో. ఎండ హాయిగా ఉంటుంది, చలికి తాబేళ్లు కూడా ఎండ కోసం బయటికొస్తాయి.

దిగడానికి హనుమకొండే నయం. కాజీపేట స్టేషన్ దగ్గర, బస్టాండ్ ఊరి మధ్యలో, తిండికి లోటు లేదు. పొద్దున పూట వేడివేడి సర్వపిండి దొరికితే వదలకండి. మొదట దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది కానీ, రిసెప్షన్‌లో గాజు తొట్టె చూసి మా చెల్లెలు అక్కడే ఆగిపోయింది. అందులో అరచేయంత తాబేళ్లు రెండు. చెవుల దగ్గర ఎర్రటి చార, అడుగున పాచి పట్టిన గులకరాళ్లు. ఎక్కి ఆరడానికి ఒక్క రాయి కూడా లేదు. ఒకదాని కనురెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. తిండిలో విటమిన్ ఎ లేకపోతే అలా అవుతుందని చెల్లెలు చెప్పింది. "వాస్తుకి మంచిదని పెట్టామండీ" అన్నాడు కౌంటర్ దగ్గరి అబ్బాయి. అవి అమెరికా నుంచి వచ్చిన రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. ఇంట్లో పెద్దవై బరువనిపించగానే చెరువులో వదిలేస్తారు. అక్కడ మన తాబేళ్ల తిండికి, చోటుకి పోటీ వస్తాయి. దయచేసి ఎవరూ వీటిని కొనకండి. మర్నాడే నక్కలగుట్టలో పర్యాటక శాఖవాళ్ల హరిత కాకతీయకి మారిపోయాం. గదులు పెద్దవి, భోజనం బాగుంది, కుటుంబాలకి ఇబ్బంది లేదు.

హంటర్ రోడ్డులోని కాకతీయ జూకి పొద్దున తెరవగానే వెళ్లండి. జనం తక్కువ, ఎండ మెత్తగా ఉంటుంది. పిల్లలు చిరుతపులి వైపు పరిగెడుతుంటే మేం తాబేళ్ల దగ్గరే కూర్చున్నాం. తాబేళ్లని పెంచడం అంటే గుడ్లు తీసి పెట్టెలో పెట్టడం కాదని నాకు అర్థమైంది అక్కడే. నక్షత్ర తాబేలు గుడ్డులో ఆడా మగా అన్నది వేడిని బట్టి తేలుతుంది. కాస్త చల్లగా ఉంటే మగవి, 31, 32 డిగ్రీలకి వెళ్తే ఆడవి. మన చెరువుల్లో ఉండే ఫ్లాప్‌షెల్ తాబేలుది మరో తీరు. దాని గుడ్డులో పిండం ఎదగడం మధ్యలో ఆపేస్తుంది. చలికాలపు చల్లదనం తగిలి మళ్లీ వేడి వస్తేగానీ కదలదు, నెలలు పడుతుంది. ఇవేవీ తెలియకుండా మొదలుపెడితే గుడ్లు పాడవుతాయి, లేదా పిల్లలు అన్నీ ఆడవో అన్నీ మగవో పుడతాయి.

ఈ పని బాగా జరిగిన చోట్లున్నాయి. గాలపగోస్ దీవుల్లోని ఎస్పన్యోలాలో ఒకప్పుడు మిగిలినవి పద్నాలుగే తాబేళ్లు. కాలిఫోర్నియాలోని శాన్ డియెగో జూ నుంచి డియెగో అనే మగదాన్ని తెచ్చి కలిపారు. పెంపకం ఫలించి దీవి మళ్లీ దాదాపు రెండు వేల తాబేళ్లతో నిండింది. 2020లో, పెంపకం కోసం బయట ఉంచిన ఆ పెద్ద తాబేళ్లనీ దీవికి పంపేశారు. కానీ అంతకు ఎంతో ముందే, 1978 నాటికి, ఆ దీవి మీద గడ్డి మేసి నాశనం చేస్తున్న మేకలన్నిటినీ తీసేశారు. సుందర్‌బన్స్‌లో బటాగుర్ బస్కా అనే నది తాబేలుని సజ్నేఖాలి చెరువులో పెంచారు. 2022 జనవరిలో జాడ తెలిపే ట్రాన్స్‌మిటర్లు కట్టి పదింటిని వదిలితే, కొన్ని బంగ్లాదేశ్ వైపు వెళ్లి జాలర్ల వలల్లో చిక్కాయి. మా చెల్లెలు ఇదంతా చెప్పి, "చూడక్కా, పిల్లల్ని పుట్టించడం సగం పనే. వెళ్లే ఇల్లు బాగుండాలి" అంది. అప్పటినుంచి ప్రతి చోటునీ ఆ కంటితోనే చూశాను.

పాకాల చాలా నచ్చింది. నర్సంపేట మీదుగా గంటన్నర ప్రయాణం. 1213లో గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువు, చుట్టూ అడవి, కట్ట మీద నీడ. తిండి ఏదైనా నర్సంపేటలోనే కట్టించుకోండి. దారిలో ఒక ఊరి చెరువు దగ్గర వల లాగుతున్న అతను ఓ ఫ్లాప్‌షెల్‌ని విడిపిస్తుంటే బండి ఆపాం. ఆలివ్ రంగు వీపు, కొనదేలిన ముక్కు. వెల్లకిలా తిప్పితే వెనక కాళ్ల దగ్గర రెండు మెత్తటి రేకులు. కాళ్లు లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లా మూసుకున్నాయి. "కరుస్తది అక్కా, చెయ్యి పెట్టకు" అన్నాడు. ఇదివరకు కొందరు కూరకి అడిగేవాళ్లట. ఇప్పుడు కేసు అవుతుందన్న భయం ఉంది. నీళ్లలోకి జారవిడవగానే బురద లేపి మాయమైంది. తాబేలు పెద్దదవడానికి ఏళ్లు పడుతుంది. గుడ్లు పెట్టే వయసొచ్చిన ఒక్క ఆడదాన్ని కూరకి పంపితే, తొట్లో పుట్టిన బోలెడు పిల్లలు కూడా ఆ లోటు తీర్చలేవు. వలలో పడ్డదాన్ని ఇలా వదిలేసే మనిషి ఒక్కడు చెరువు దగ్గరుంటే, గుడ్లు పొదిగించే ఒక హ్యాచరీ చేసినంత మేలు.

శివ్వారం చేరడం కష్టం. మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలో, గోదావరి ఒడ్డున, 36 చదరపు కిలోమీటర్ల చిన్న అభయారణ్యం. మంథని నుంచి దగ్గరే కానీ బస్సులు నమ్ముకోవద్దు, సొంత కారో అద్దె కారో ఉండాలి. వెళ్లే ముందు అటవీశాఖవాళ్లని అడిగి వెళ్లండి. గదుల్లేవు, హోటళ్లు లేవు, సాయంత్రానికి తిరిగొచ్చేయాలి. ఎల్ మడుగు దగ్గర బండల మీద మొసళ్లు పడుకుని ఉన్నాయి. 1975లో దేశమంతటా మొసళ్ల పెంపకం ప్రాజెక్టు మొదలయ్యేనాటికి మగ్గర్ అనే మన మంచినీటి మొసళ్లు కరువయ్యాయి. పెంపకం ఎంత బాగా సాగిందంటే, కొన్నాళ్లకి వదలడానికి చోట్లు చాలక విడుదలలు ఆపాల్సి వచ్చింది. లోతైన మడుగు, జనం వెళ్లని ఒడ్డు ఉంటే పెంపకం ఏం సాధిస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. తాబేళ్ల పిల్లల్ని వదలడానికి ఈ దారిలో ఒక చోటు ఎంచుకోమంటే నేను ఇదే అంటాను.

కాళేశ్వరం మీద పెట్టుకున్న ఆశలే ఎక్కువ. భూపాలపల్లి మీదుగా రోడ్డు బాగానే ఉంది, లారీలతో జాగ్రత్త. 2025 మేలో జరిగిన సరస్వతీ పుష్కరాల కోసం ఘాట్లు బాగుచేశారు, స్నానాలకి ఇబ్బంది లేదు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ముక్తేశ్వరుడి గుడి పొద్దున్నే ప్రశాంతంగా ఉంటుంది. సెలవుల్లో వసతి దొరకడం కష్టం, ముందే మాట్లాడుకోండి. లేదంటే భూపాలపల్లిలో ఆగండి.

గోదావరీ ప్రాణహితా కలిసే చోట నాటు పడవ మీద ఒక పెద్దాయన మమ్మల్ని తిప్పాడు. "కాకా, తాంబేళ్లు కనబడతయా?" అని చెల్లెలు అడిగింది. "అప్పట్ల ఎండకాలం ఇసుక మీదికొచ్చి గుడ్లు పెట్టేటివి బిడ్డా. తెల్లారి చూస్తే వాటి జాడలు. ఇప్పుడా ఇసుకెక్కడిది?" అన్నాడు. గోదావరి, కృష్ణల్లో ఉండే లీత్స్ సాఫ్ట్‌షెల్ అనే పెద్ద మెత్తచిప్ప తాబేలు ఇప్పుడు అంతరించే ముప్పున్న జాతుల్లో అత్యంత ప్రమాదంలో ఉన్న వర్గంలో ఉంది. 2019లో మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు వచ్చాక ఇసుక తిన్నెలు చాలావరకు నీళ్ల కింద పడ్డాయి. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక ఇసుక మళ్లీ బయటపడింది. ఇసుకతో పాటే లారీలూ వచ్చాయి. గుడ్లు పెట్టే ఒడ్డు లేని నదిలో ఎన్ని పిల్లల్ని వదిలినా ఆ తరంతోనే సరి.

అయినా ఇక్కడ చేయగలిగింది ఉంది. అస్సాంలో నాగశంకర్ గుడి కోనేట్లో భక్తులు కాపాడుకున్న నల్ల సాఫ్ట్‌షెల్ తాబేళ్ల గుడ్లు తీసి, పొదిగించి, పిల్లల్ని అడవి నీళ్లలో వదులుతున్నారు. 2002లో ఆ జాతి ప్రకృతిలో లేదనే ప్రకటించారు. గుడి పక్కనున్న నది మనకీ ఉంది, కూర్మావతారానికి దండం పెట్టే జనమూ ఉన్నారు. సంగమం దగ్గర కొన్ని కిలోమీటర్ల ఇసుకని గుడ్ల కాలంలో ముట్టకుండా వదిలి, ఆ పెద్దాయనలాంటి వాళ్లకి కాపలా జీతం ఇస్తే, పెంపకం అంటే అర్థం ఉంటుంది.

మీరు వెళ్తే డిసెంబర్, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. హనుమకొండలో దిగి పాకాల ఒక రోజు, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం, అక్కడినుంచి మంథని, శివ్వారం చూసుకుని మంచిర్యాలలో రైలెక్కితే వెనక్కి తిరిగే పని ఉండదు. బైనాక్యులర్స్ తప్పనిసరి. రోడ్డు దాటుతున్న తాబేలు కనిపిస్తే అది వెళ్తున్న వైపే దాటించండి, కారులో వేసుకుని వేరే చెరువుకి తీసుకెళ్లకండి.