కాక్‌పిట్‌కు ఏది మేలు: రెజిన్ సెట్టా, షీటుతో సొంతంగా చేసుకోవడమా?

1/72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు) ప్లాస్టిక్ విమానం మోడల్ కిట్ తెరిచినవాళ్లు తరచూ అడుగుతారు: కాక్‌పిట్ మరీ బోసిగా ఉంది, రెజిన్ సెట్ (విడిగా దొరికే, రెజిన్‌తో పోతపోసిన భాగాలు) కొనాలా, స్టైరీన్ షీటుతో (పలుచని ప్లాస్టిక్ రేకుతో) నేనే చేసుకోవాలా?

రెజిన్ పనితనం కాదనలేం. బెల్టుల మడతలు, డయళ్లు, స్విచ్చులు అంత సన్నగా చేత్తో తేవడం చాలా కష్టం. అయినా నేను ముందు చూసేది ఆ భాగం ఫ్యూజిలేజ్‌లో (విమానం మొండెంలో) కూర్చుంటుందా లేదా అన్నదే.

కిట్ గోడ ఒక మిల్లీమీటరు మందం ఉందనుకోండి. 72 రెట్లు పెంచితే 7.2 సెంటీమీటర్లు! అసలు యుద్ధవిమానం పైరేకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించడం అరుదు. అందుకే అసలు కొలతలకు దగ్గరగా పోతపోసిన రెజిన్ కాక్‌పిట్ ఈ మందపు గోడల మధ్య ఇరుక్కుంటుంది. గోడలను లోపలి నుంచి గీకాలి, మధ్యమధ్యలో వెలుతురుకు పెట్టి చూసుకోవాలి, కాస్త ఎక్కువైతే చిల్లే. పైగా ప్లాస్టిక్ జిగురు రెజిన్‌ను పట్టదు. సూపర్ గ్లూ వాడాలి, అదేమో సర్దుకునే వ్యవధి ఇవ్వదు.

షీటుతో ఈ పేచీ లేదు, ఎందుకంటే కొలతలు మన కిట్ నుంచే తీసుకుంటాం. అట్టముక్కతో నమూనా కత్తిరించి, ఫ్యూజిలేజ్ రెండు సగాలూ మూసి చూసి, సరిపోయాకే షీటు కోస్తాం. నేలకు 0.5 మి.మీ., పక్క ప్యానెళ్లకు 0.25 మి.మీ. చాలు. కిట్టూ షీటూ రెండూ పాలీస్టైరీనే కాబట్టి ద్రవ జిగురు వాటిని కరిగించి ఒకటి చేస్తుంది. ఆరేలోపు ముక్కను కాస్త జరుపుకోవచ్చు కూడా. లీవర్లకు కొవ్వొత్తి సెగకు సాగదీసిన స్ప్రూ (కిట్ భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ), దాని కొసన తెల్ల జిగురు చుక్క. వైర్లకు సన్న రాగితీగ. కెనోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) మూసే ఉంచేవాళ్లకు ఇంతకు మించి ఏమీ కనబడదు.

ఫోటో ఎచ్ (రసాయనంతో చెక్కిన పలుచని లోహపు ముక్కలు) బెల్టులకూ పెడళ్లకూ బాగుంటుంది, గుండ్రటి లీవర్లు మాత్రం చదునుగా తేలిపోతాయి. త్రీడీ ప్రింట్ భాగాలు అందంగానే ఉంటాయి కానీ సపోర్టులు (ప్రింట్ అయ్యేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే సన్న కాడలు) కోసేటప్పుడు విరిగే టెన్షన్ ఉంది, గోడల మందం సమస్య వాటికీ తప్పదు.

మిగ్-21 లాంటి జెట్‌కు మాత్రం ఎజెక్షన్ సీటు ఒక్కటీ రెజిన్‌ది కొంటాను. దాని గొట్టాలు, పట్టీలు షీటుతో అంత బాగా రావు. కెనోపీ పెట్టి చూసి, తగిలితే సీటు అడుగు అరగదీయాలి. అప్పుడు మాస్కు పెట్టుకోండి, సాండ్‌పేపర్ తడిపి వాడండి. రెజిన్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.