వాలు మీద అయిదేళ్లు: లోక్‌పైలట్ 5 డీకోడర్‌తో నా అనుభవం

నా హెచ్ఓ (అసలు రైలులో 87వ వంతు సైజు) బొమ్మ రైళ్ల లేఅవుట్‌లో ఏ ఇంజనుకైనా అసలు పరీక్ష పది అడుగుల వాలు. కింది లైనును పై లైను దాటాలంటే దాదాపు మూడు అంగుళాల ఎత్తు కావాలి. గదిలో ఉన్న చోటుకు అది 2.5 శాతం వాలుతోనే కుదిరింది, అంటే 40కి 1. విశాఖ నుంచి అరకు మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ మార్గంలో వాలు 60కి 1. అక్కడ ఇనుప ఖనిజం నింపుకొన్న బండ్లు కొండ దిగి వస్తాయి. వాటిని చూస్తూ పెరిగినవాణ్ణి. ఎక్కడం ఎంత ముఖ్యమో, బరువుతో నిదానంగా దిగడం నాకు అంతకన్నా ముఖ్యం.

మొదట్లో మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ వాడాను. పట్టాల్లో వోల్టేజీ మారకపోయినా, భారం పెరగగానే మోటారు నెమ్మదిస్తుంది. పద్నాలుగు వ్యాగన్లతో బండి వాలు మొదట్లోనే నీరసించేది, మధ్యలో ఆగిపోయేది, పైకి చేరగానే పరుగు అందుకునేది. చెయ్యి ఎప్పుడూ నాబ్ మీదే ఉండాలి. పైగా నా వాలులో సగం 22 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపులో ఉంది. హెచ్ఓలో 32ను వ్యాసార్ధపు అంగుళాలతో భాగిస్తే వంపు వల్ల పెరిగే భారం సుమారుగా శాతంలో తెలుస్తుంది. ఆ లెక్కన వచ్చే ఒకటిన్నర శాతం కూడా కలిపితే ఇంజనుకు అది దాదాపు నాలుగు శాతం వాలు. ఈ లెక్క చెక్క కోయడానికి ముందే తెలిసి ఉంటే వంపును సమతలం మీద పెట్టేవాణ్ణి.

డీసీసీకి, అంటే పట్టాల గుండా ఒక్కో ఇంజనుకూ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతికి మారి, ఆ ఆదేశాలను అందుకొని మోటారును నడిపే లోక్‌పైలట్ 5 అనే చిన్న డీకోడర్‌ను ఇంజనులో బిగించాక వాలు స్వభావమే మారిపోయింది. డీకోడర్ మోటారుకు కరెంటును చిన్న చిన్న తుంపులుగా ఇస్తుంది. మధ్యలో క్షణకాలం ఆపి, తిరుగుతున్న మోటారు తానుగా పుట్టించే వోల్టేజీని కొలుస్తుంది. అది తగ్గితే మోటారు నెమ్మదించినట్టు, వెంటనే శక్తి పెంచుతుంది. పెరిగితే తగ్గిస్తుంది. నేను స్టాప్‌వాచ్‌తో కొలిచి చూశాను. గంటకు 30 కిలోమీటర్ల నమూనా వేగానికి మీటరు దూరం పదిన్నర సెకన్లలో దాటాలి. పాత కంట్రోలర్‌తో అదే మీటరుకు ఎక్కేటప్పుడు పదిహేడు, దిగేటప్పుడు ఏడు సెకన్లు పట్టేది. డీకోడర్ బిగించాక రెండు వైపులా అర సెకను కూడా తేడా రాలేదు.

ఇంత బాగా కుదరడానికి కారణం సీవీ 54. సీవీలంటే డీకోడర్‌లో మనం మార్చుకోగల సెట్టింగులు, ఒక్కోదానికీ ఒక నంబరు ఉంటుంది. దానికి సున్నా రాసి కంట్రోలర్ మీద ఎఫ్1 బటన్ నొక్కితే ఇంజను క్షణంపాటు పూర్తి వేగంతో దూసుకుపోతుంది, ఆ పరుగులో డీకోడర్ తన మోటారును తెలుసుకుంటుంది. ఇది సమతలంగా, తిన్నగా, ముందు ఖాళీ ఉన్న పట్టాల మీదే చేయాలి. వాలు మీద మాత్రం ఎప్పుడూ చేయకండి.

దిగుడులో మాత్రం నా పాత ఇంజను ఒకటి చాలా బాధ పెట్టింది. ఆగి, కుదిపి, మళ్లీ ఆగి, వెనకున్న వ్యాగన్లన్నిటినీ ఊపేసేది. రెండు వారాలపాటు సీవీలు మార్చాను. తప్పు డీకోడర్‌ది కాదు. మోటారు తిరుగుడును చక్రాలకు అందించే వార్మ్ గేరు (మర లాంటి గేరు) ఇరుసులో అటూ ఇటూ జరిగే వదులు ఉంది. ఎక్కేటప్పుడు ఇరుసు ఒక కొసకు ఆనుకొని ఉంటుంది. దిగేటప్పుడు వ్యాగన్లు వెనక నుంచి నెడితే రెండో కొసకు జారి, మళ్లీ వెనక్కు వస్తుంది. ప్రతి జారుడుకూ డీకోడర్ స్పందించి కుదుపును పెంచేది. పల్చటి వాషర్లు రెండు వేసి వదులు తీశాక బండి నూనెలో జారినట్టు దిగింది. దిగుడులో కుదుపు కనిపిస్తే ముందు ఇంజను పైకప్పు విప్పి చూడండి, సీవీల జోలికి తరువాత వెళ్లండి.

జంట ఇంజన్లు కట్టినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. రెండూ తమ వేగాన్ని తామే పట్టుకోవాలని చూస్తే ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, ఒకదాని చక్రాలు పట్టు తప్పి ఉత్తినే తిరుగుతాయి. సీవీ 67 నుంచి 94 వరకున్న వేగ పట్టికతో రెండింటినీ సరిచూసి, వెనక ఇంజనులో సీవీ 56 (భారాన్ని బట్టి డీకోడర్ వేగాన్ని ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పేది) తగ్గించాను. ఓపిక కావలసిన పని, నాకు ఓ ఆదివారమంతా పట్టింది.

ధర ఎక్కువే, ఒక్కో ఇంజనుకూ ఒక్కో డీకోడర్ కొనాలి. అయినా వాలున్న లేఅవుట్‌కు నేను వేరే మార్గం సూచించను. పట్టాలు మురికిగా ఉంటే మాత్రం ఏ డీకోడరూ ఏమీ చేయలేదు. ఐసోప్రోపిల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో వాలును వారానికోసారి తుడుస్తాను.

గత ఏడాది ఇంకో మార్పు చేశాను. కొండ ఉన్నట్టే తెలియకుండా బండి ఎక్కిపోవడం నా కంటికి నచ్చలేదు. నిజమైన ఇంజను అలా ఎక్కదు. ముందు ఇంజనులో కూడా సీవీ 56ను 255 నుంచి 190కి తెచ్చాను. ఇప్పుడు నిండు బండి వంపులోకి రాగానే కాస్త బరువెక్కుతుంది, మీటరుకు పన్నెండు సెకన్లు తీసుకుంటుంది, పైన స్టేషను దగ్గర మళ్లీ తన నడక అందుకుంటుంది.