చందమామ కోసం కొన్న ఆరంగుళాల డాబ్సోనియన్: ఏడాదిన్నర వాడాక

ముందు నా మొదటి టెలిస్కోపు సంగతి చెప్పాలి, లేకపోతే ఈ రెండోదాని మీద నాకింత మమకారం ఎందుకో అర్థం కాదు. దాని అట్టపెట్టె మీద పెద్ద పెద్ద అంకెల్లో 525 రెట్లు అని ఉంది, పక్కనే రంగురంగుల గెలాక్సీ బొమ్మ. అది చూసే కొన్నాను. 60 మిల్లీమీటర్ల లెన్సు, 700 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం). 525 అన్నది అబద్ధమేం కాదు, లెక్క సరిగ్గానే వేశారు. 700ని 4 మి.మీ. ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు) భాగిస్తే 175, దానికి మూడు రెట్ల బార్లో, అంటే మధ్యలో పెట్టి రెట్లు పెంచే లెన్సు, తగిలిస్తే 525. కాకపోతే లెన్సు ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే దానికి రెట్టింపు దాకానే పెంచి చూడటంలో అర్థం ఉంటుంది, అంటే దీనికి 120. ఆ పైన ఎంత పెంచినా పెరిగేది మసకే.

సరే, మసకనైనా భరించేవాణ్ణి. నా ప్రాణం తీసింది దాని ట్రైపాడ్. ఫోకస్ మర మీద వేలు ఆనితే చాలు, చంద్రుడు ఐపీస్‌లో ఉయ్యాల ఊగినట్టు ఊగేవాడు. ఆగడానికి నాలుగైదు సెకన్లు పట్టేది, ఆగాక చూస్తే ఫోకస్ ఇంకా కుదరలేదు, మళ్లీ వేలు, మళ్లీ ఊపు. ఈలోగా భూమి ఊరుకోదు కదా, చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు, కాబట్టి ఊపు ఆగేసరికి మనిషి అంచుకు చేరిపోయేవాడు. ఫొటో సంగతి అడగొద్దు. రెండు నెలల్లో నా దగ్గర పోగైనవి వంద పైచిలుకు తెల్ల మరకలు.

అందుకే రెండోసారి కొనేటప్పుడు ఎన్ని రెట్లు అని అడగడం మానేసి స్టాండ్ ఎలా ఉంటుంది అని అడిగాను. ఎవరిని అడిగినా తిప్పి తిప్పి డాబ్సోనియన్ దగ్గరికే, అంటే చెక్క పెట్టె స్టాండ్ మీద కూర్చునే అద్దాల టెలిస్కోపు దగ్గరికే తెచ్చారు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ సైజులో పేరు మారినా సరుకు దాదాపు ఒకటే: 150 మి.మీ. అద్దం, 1200 ఫోకల్ లెంగ్త్, అంటే ఎఫ్/8 (1200ని 150తో భాగిస్తే వచ్చేది), ఒక 25 మి.మీ. ఒక 10 మి.మీ. ఐపీసు, గురి చూసుకోవడానికి ఎర్రచుక్క ఫైండర్, కింద చెక్క పెట్టె. ఆ చెక్క పెట్టెలోనే ఉంది విషయమంతా. జాన్ డాబ్సన్ అనే ఆయన అట్టగొట్టాలు, ప్లైవుడ్ ముక్కలతో టెలిస్కోపులు చేసి శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌పాత్‌ల మీద పెట్టి దారినపోయే వాళ్లకు ఆకాశం చూపించేవాడు, 1968లో దానికో సంఘం కూడా మొదలైంది. ఆయన వాడిన పద్ధతే ఇది. పక్కలకు తిరుగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది, టెఫ్లాన్ ముక్కల మీద జారుతుంది, అంతే. మోటారు లేదు, యాప్ లేదు, ఛార్జింగ్ గొడవ లేదు. వేలితో తోస్తే కదులుతుంది, వదిలేస్తే అక్కడే ఉంటుంది. మొదటి రోజు ఫోకస్ తిప్పి చేయి తీశాక బొమ్మ ఊగకుండా నిలబడటం చూసి నేను కాసేపు ఇంకేం చూడలేదు, ఊరికే మళ్లీ మళ్లీ గొట్టాన్ని తట్టి చూశాను. ఒక్క సెకనులో ఆగిపోయింది.

వచ్చిన తీరు మాత్రం అంత గొప్పగా లేదు. స్టాండ్ పలకలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి, దానికి ఇచ్చిన అలెన్ కీ మెత్తటి ఇనుము, మూడో మరకే మూలలు అరిగిపోయాయి. ఒక మర తక్కువొచ్చింది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే మూడు వారాల తర్వాత వేరే సైజు మర పంపారు, అప్పటికే నేను బయట ఒకటి కొని బిగించుకున్నాను. పలకలు రంపపుపొట్టు బోర్డు, తడి తగిలితే ఉబ్బుతాయి, అందుకే కోసిన అంచులన్నిటికీ వార్నిష్ పూశాను. మొత్తం కలిపి 16 కిలోల దాకా ఉంటుంది. గొట్టం ఒకసారి, స్టాండ్ ఒకసారి, రెండు ట్రిప్పుల్లో మేడ మీదికి చేరుస్తాను. ఒకేసారి మోసే ప్రయత్నం చేయకండి, మెట్ల మలుపులో గొట్టం గోడకు తగిలిందంటే లోపల అద్దాల వరస తప్పుతుంది.

ఆ వరస సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అద్దాలున్న టెలిస్కోపు కొంటున్నామంటే కాలిమేషన్ అనే పని నెత్తినేసుకుంటున్నట్టే. పేరు వింటే టెన్షన్, చేస్తే ఐదు నిమిషాల పని. నాది వచ్చినప్పుడే పైనున్న చిన్న అద్దం మరలు వదులుగా ఉన్నాయి. విడిగా కొన్న లేజర్ పనిముట్టుతో సరిచేద్దామనుకుంటే ఇంకా పాడైంది. అనుమానం వచ్చి లేజర్‌ని ఫోకసర్‌లో, అంటే ఐపీస్ పెట్టే గొట్టంలో, ఉంచి మెల్లగా గుండ్రంగా తిప్పాను. చుక్క కదలకుండా ఉండాలి కదా, అది అద్దం మీద ఒక చిన్న సున్నా చుట్టింది. అంటే వంకర లేజర్‌లోనే! చివరికి ఫోకసర్ గొట్టానికి సరిపోయే ప్లాస్టిక్ మూతకి నడిమధ్యన సన్నటి కన్నం పెట్టి, అందులోంచి చూస్తూ చిన్న అద్దం, పెద్ద అద్దం మధ్యలోని గుర్తు, నా కన్ను ప్రతిబింబం ఒకదానిలో ఒకటి కుదిరేదాకా మరలు తిప్పాను. లేజర్ డబ్బు దండగ.

ఇక చూపు. 25 ఐపీస్‌తో 48 రెట్లు, చంద్రుడు మొత్తం పట్టి చుట్టూ ఇంత నల్లటి ఆకాశం కూడా ఉంటుంది. 10తో 120 రెట్లు, అప్పుడు పళ్లెం ఐపీస్‌లో పట్టదు, కొండల మీదుగా నెమ్మదిగా ఎగురుతున్నట్టు ఉంటుంది. 25 చాలా బాగుంది, 10 మాత్రం సోసో, అంచుల్లో మెత్తబడుతుంది, కళ్లజోడున్న వాళ్లకు కన్ను ఆనించే చోటే దొరకదు. మార్చాల్సిన మొదటి వస్తువు అదే.

మా అమ్మ మొదటిసారి చూసిన రోజు పౌర్ణమికి రెండు రోజుల ముందు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "కుందేలు తలకిందులైందేంట్రా" అంది. నిజమే, ఈ రకం టెలిస్కోపుల్లో బొమ్మ తలకిందులుగానే వస్తుంది, మనం కుందేలు అనుకునే ఆ నల్లటి లావా మైదానాలు పైది కిందికి, కుడిది ఎడమకి పోతాయి. ఫొటో తీశాక తిప్పుకోవచ్చులే అంటే, "నేనిప్పుడు చూస్తున్నది ఫొటోనా?" అని మెడ పక్కకి వంచి మళ్లీ చూసింది. ఇరుగుపొరుగు వాళ్లు అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న, అమెరికా వాళ్ల జెండా కనిపిస్తుందా అని. ఆ జెండా వెడల్పు మీటరున్నర. 150 మి.మీ. అద్దం అన్నీ కలిసొచ్చిన రాత్రి విడదీయగలిగేది చంద్రుడి మీద సుమారు కిలోమీటరున్నర. ఈ లెక్క చెప్పగానే సగం మంది ముఖాలు వాడిపోతాయి, తర్వాత ఐపీస్‌లో చూసి మళ్లీ వెలుగుతాయి.

పౌర్ణమి నాడు చంద్రుణ్ణి చూడటానికి పిలవకండి. చాలామంది అదే మంచి రోజు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఎండ నెత్తిమీద పడుతుంది, నీడలుండవు, పళ్లెమంతా సున్నం కొట్టినట్టు చదునుగా ఉంటుంది. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గరే అసలు బొమ్మ. శుక్ల షష్ఠి నాడు థియోఫిలస్, దాన్ని ఆనుకుని సిరిలస్, ఆ కింద కేథరీనా, మూడు గుంటలూ వరసగా తేలతాయి. నవమి నాడు ప్లేటో అనే గుంట, ఇంకా స్ట్రెయిట్ వాల్ అని 110 కిలోమీటర్ల పొడవున్న నల్లటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు. అది నిట్టనిలువు గోడ కాదు, మామూలు వాలే, నీడ అలా మోసం చేస్తుంది. దశమికి 93 కిలోమీటర్ల కోపర్నికస్ మెట్లు మెట్లుగా దిగిన గోడలతో. దక్షిణాన క్లావియస్‌లో చిన్న గుంటలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వంపుగా పేర్చినట్టుంటాయి. చివరి చిన్నవి ఎన్ని లెక్కపెట్టగలిగానన్నదే నాకు ఆ రాత్రి గాలి ఎలా ఉందో చెప్పే కొలబద్ద.

గాలి అన్నాను కదా. ఒక్కోసారి అన్నీ సరిగ్గా ఉన్నా చంద్రుడు పారే నీళ్ల అడుగున ఉన్న బిళ్లలా అలలాడుతుంటాడు. తప్పు టెలిస్కోపుది కాదు, పైన గాలి పొరలది, లేదా కింద మన మేడది. పగలంతా ఎండలో కాగిన సిమెంటు రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. గదిలోంచి తెచ్చిన అద్దం కూడా బయటి చలికి సర్దుకోవాలి, అరగంట నుంచి గంట. నేను ముందే బయట పెట్టేసి అన్నం తిని వస్తాను.

ఇప్పుడు ఫొటోలు. నేను ఎక్కువగా వాడింది ఫోను, దాన్ని ఐపీస్‌కి బిగించే ప్లాస్టిక్ అడాప్టర్. ఫోన్ లెన్సు ఐపీస్ నడుమకు రావడమే మొత్తం కష్టం, ఒక మిల్లీమీటరు పక్కకి పోతే తెర నల్లగా మారుతుంది లేదా చంద్రుడు కొడవలిలా కోసుకుపోతాడు. ముందు పగటిపూట దూరంగా ఉన్న ఏ టవర్‌నో చూస్తూ కుదుర్చుకుని, అడాప్టర్ మరలున్న చోట మార్కర్‌తో గీత పెట్టుకోండి. నేనది చేశాక రాత్రిపూట పని రెండు నిమిషాలకు తగ్గింది. (పగలు తిప్పేటప్పుడు సూర్యుడి వైపు పొరపాటున కూడా పోనివ్వకండి. ముందువైపు సోలార్ ఫిల్టర్ లేకుండా ఐపీస్‌లో సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది. పిల్లలున్న ఇంట్లో పగలు మూత తీసి వదలకండి.)

రెండు, మూడు కెమెరాలున్న ఫోన్లతో ఇంకో తిరకాసు ఉంది. జూమ్ చేయగానే ఫోను తనంతట తాను వేరే లెన్సుకి దూకుతుంది, చంద్రుడు మాయమవుతాడు. ప్రో మోడ్‌లోకి వెళ్లి మెయిన్ కెమెరా దగ్గరే కట్టేయండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ 1/125 సెకను దగ్గర మొదలుపెట్టి, తెల్లటి చోట్ల వివరాలు పోతుంటే ఇంకా తగ్గించండి. ఫోన్‌ని దాని ఇష్టానికి వదిలేస్తే చుట్టూ ఉన్న చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది, నా మొదటి టెలిస్కోపు తెల్ల మరకల్లో సగం ఆ పాపమే. మామూలు కెమెరా వాళ్లకి పాత లెక్క ఒకటుంది: పౌర్ణమికి ఎఫ్/11, ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో వందో వంతు. సగం చంద్రుడికి ఇంకా ఎక్కువ వెలుగు ఇవ్వాలి, ఎందుకంటే పౌర్ణమి కాంతిలో సగం కాదు, సుమారు పదో వంతే వస్తుంది. బటన్ వేలితో నొక్కొద్దు, రెండు సెకన్ల టైమరో, వైరున్న ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటనో వాడండి.

మోటారు స్టాండ్ లేకపోతే చంద్రుడు జరిగిపోయి ఫొటో అలుక్కుపోదా అని అడుగుతుంటారు. ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). సెకనులో వందో వంతులో ఎంత జరుగుతుందో మీరే లెక్కేసుకోండి, ఈ అద్దం విడదీయగలిగే దానికంటే బాగా తక్కువ. చంద్రుడి కోసమే అయితే మోటారుకి డబ్బు పెట్టక్కర్లేదు. ఈ స్టాండ్‌తో చిక్కు వేరే ఉంది, బరువైన ఫోను తగిలిస్తే గొట్టం ముందుభాగం నెమ్మదిగా కిందికి వాలుతుంది. నేను వెనకవైపు అయస్కాంతాలు రెండు అతికించి సరిపెట్టాను, గొట్టం ఇనుపదే కాబట్టి పట్టుకుంటాయి.

నిజంగా తేడా తెచ్చింది మాత్రం వీడియో. ఒక్క ఫొటోకి బదులు నిమిషం వీడియో తీసి, ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అది ఫ్రేములన్నిటినీ జల్లించి గాలి నిలకడగా ఉన్న క్షణాలవి పైకి తెస్తుంది. వాటిలో పదో వంతు తీసుకుని కలిపి, రెజిస్టాక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కాస్త పదును పెట్టాలి. పదును పెట్టే స్లైడర్ దగ్గర చేయి అదుపులో ఉంచుకోండి, నా మొదటి కోపర్నికస్ అంచుల చుట్టూ తెల్ల గీతలొచ్చి స్టీలు గిన్నెలా తయారైంది.

ఫ్రెండ్ డీఎస్ఎల్ఆర్ తెచ్చి నేరుగా ఫోకసర్‌కి తగిలించిన రాత్రి ఇద్దరం తెల్లబోయాం. ఫోకసర్ పూర్తిగా లోపలికి దింపినా బొమ్మ స్పష్టం కాలేదు. కెమెరా సెన్సరు లోపలెక్కడో ఉంటుంది, బొమ్మ ఏర్పడే చోటు అంతదాకా బయటికి రాదు. చూడటానికని చేసిన చాలా డాబ్సోనియన్లలో ఇదే తంతు, అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. రెండు రెట్ల బార్లో మధ్యలో పెడితే ఫోకస్ వచ్చింది గానీ ఫోకల్ లెంగ్త్ 2400 అయింది, సెన్సరు మీద చంద్రుడు 22 మి.మీ., ఆ కెమెరాలోని ఏపీఎస్-సీ సైజు సెన్సరు ఎత్తేమో 16కి లోపే. ముక్కలుగా తీసి అతికించాల్సి వచ్చింది.

కాబట్టి మీ దగ్గర ఆల్రెడీ డీఎస్ఎల్ఆర్ ఉండి, కన్ను పెట్టి చూడటం మీద పెద్దగా మోజు లేకపోతే ఇది కొనకండి, 127 మి.మీ. మాక్సుటోవ్ (ముందు లెన్సు, వెనక అద్దం ఉండే రకం టెలిస్కోపు) చూడండి. గొట్టం పొట్టి, సంచిలో పడుతుంది, కెమెరాతో ఫోకస్ పేచీ ఉండదు, దాని 1500 ఫోకల్ లెంగ్త్‌కి చంద్రుడు సెన్సరులో కొద్దిలో సరిపోతాడు. చల్లబడటానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, కింద గట్టి స్టాండ్ వేరే కొనుక్కోవాలి. మూన్ ఫిల్టర్ ఎవరైనా అంటగడితే వద్దనండి. చంద్రుడి వెలుగు కంటికి హాని చేయదు, జిగేల్‌మంటుందంతే. నా గొట్టం ముందుమూతలోనే ఒక చిన్న మూత ఉంది, పెద్దది ఉంచి చిన్నది తీస్తే వెలుగు తగ్గుతుంది, వివరం కూడా కొంత తగ్గుతుందనుకోండి. నేనైతే పక్కనున్న లైటు వేసుకుని చూస్తాను, ఫిల్టర్ రెండుసార్లు వాడి డబ్బాలో పడేశాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి ఆ అలెన్ కీకి, 10 ఐపీస్‌కి కలిపి కోత.