బోస్టన్ రాయి మీది ఊరు: క్లేర్ కౌంటీలో మా కోడలి పూర్వీకుల జాడ

మా కోడలి నుంచి పైకి లెక్కపెడితే ఆరో తరం ఆవిడ సమాధి బోస్టన్‌లో ఉంది. రాయి మీద పేరు, పోయిన సంవత్సరం, వాటి కింద చిన్న అక్షరాల్లో ‘క్లేర్ కౌంటీ, కిల్ఫెనోరా పారిష్‌లో పుట్టినది’ అని ఉంటుంది (పారిష్ అంటే ఒక చర్చి కిందికొచ్చే ఊళ్ళు). ఆ ముక్కే లేకపోతే మేం ఐర్లండ్ వెళ్ళీ చేసేదేమీ లేదు. అక్కడ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. మనిషి పేరుతో వెతికితే దొరకరు, ఊరి పేరు ముందు తెలియాలి.

ఈ సంగతి తెలియక అంతకుముందు ఏడాది ఒక సంస్థకు డబ్బు కట్టాం. వాళ్ళు అందమైన వంశవృక్షం పంపారు. తీరా చూస్తే అది పక్క పారిష్‌లోని వేరొకావిడది. మసాచుసెట్స్ మరణ రికార్డులో తల్లిదండ్రుల పేర్లు రాస్తారు కాబట్టి, తల్లి పుట్టింటి పేరు కలవలేదని మా కోడలే పట్టుకుంది. ఆ రాత్రి పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడే అనుకున్నాం, మనమే వెళ్దామని. నాకు మాత్రం ఐర్లండ్ వీసా విడిగా తీసుకోవాల్సి వచ్చింది. అమెరికా వీసా అక్కడ చెల్లదు.

మొదటి రెండు రోజులు డబ్లిన్. కిల్డేర్ వీధిలోని నేషనల్ లైబ్రరీలో వంశచరిత్ర వెతుక్కునేవాళ్ళకు ఉచితంగా సలహా చెబుతారు. నా మట్టుకు మొత్తం ప్రయాణంలో ఇంతకంటే విలువైన సేవ లేదు. కాథలిక్ పారిష్ రిజిస్టర్ల ఫొటోలు 2015 నుంచి వాళ్ళ సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. చదవడమే కష్టం. రాత లాటిన్‌లో, సిరా వెలిసిపోయి ఉంటుంది. జాన్ అక్కడ జొహాన్నెస్, జేమ్స్ జాకొబుస్. అమెరికాలో అందరూ డీలియా అని పిలిచిన మా పూర్వీకురాలు ‘బ్రిజిడా’ అని ఉంది. డీలియా అనేది బ్రిజెట్‌కి ముద్దుపేరని అక్కడి ఉద్యోగిని చెప్పేదాకా మాకు తెలియదు.

ఈ రిజిస్టర్లు మిగలడమే అదృష్టం. 1922 జూన్‌లో అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని కోర్టుల భవనం ఫోర్ కోర్ట్స్ దగ్గరి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 దాకా ఉన్నవాటిని ప్రభుత్వమే అంతకుముందే నాశనం చేయించింది. పూర్తిగా మిగిలిన పాతవి 1901, 1911 లెక్కలే. కాథలిక్ పుస్తకాలు మాత్రం ఏ చర్చివి ఆ చర్చిలోనే ఉండిపోయాయి గనక బతికాయి.

కస్టమ్ హౌస్ రేవులోని వలసల మ్యూజియం ఎపిక్ కూడా చూశాం. ఓడలెక్కి పోయినవాళ్ళ గురించి బాగా చెబుతుంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తప్పకుండా చూడండి. వెతుకులాట కోసమే వెళ్ళేవాళ్ళకు మాత్రం అక్కర్లేదు. మళ్ళీ వెళ్తే నేను డబ్లిన్ మానేసి, బోస్టన్ నుంచి నేరుగా షానన్ విమానాశ్రయంలో దిగుతాను. క్లేర్ కౌంటీ ముఖ్యపట్టణం ఎనిస్ అక్కడికి అరగంటే.

ఎనిస్‌లో ఐదు రాత్రులున్నాం. మొదటి రాత్రి దిగిన హోటల్ గదిలో గోడ చెమ్మ, కిటికీ మూసుకోదు. మర్నాడే ఒక ఇంటి బీ అండ్ బీకి (గది, పొద్దుటి ఫలహారం ఇచ్చే ఇల్లు) మారాం. నేను మాంసం తిననని తెలిసి ఆ ఇల్లాలు రోజూ ఓట్స్ జావ కాచి, సోడా బ్రెడ్ వేడిగా కోసి పెట్టేది. ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళు ఇళ్ళలోనే ఉండండి. ఎవరి పొలం ఎటువైపో వాళ్ళకే తెలుస్తుంది. కారు కూడా తప్పదు, బస్సులు టౌన్‌ల్యాండ్ల దాకా పోవు. టౌన్‌ల్యాండ్ అంటే మన శివారు పల్లె లాంటిది, అక్కడ అన్నిటికంటే చిన్న చిరునామా.

ఎనిస్‌లో జిల్లా గ్రంథాలయానికి స్థానిక చరిత్ర విభాగం ఉంది. గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అనే పాత భూమి లెక్కల పుస్తకం అక్కడ చూపించారు. చూడగానే నాకు మన అడంగల్ గుర్తొచ్చింది. భూమి ఎవరి చేతిలో ఉంది, యజమాని ఎవరు, ఎంత విస్తీర్ణం, విలువెంత, అన్నీ వరసగా ఉన్నాయి. క్లేర్ భాగం 1855లో అచ్చయింది. అందులో మా పూర్వీకురాలి తండ్రి పేరు లేదు. భూమి లేని కూలీ అయి ఉండాలి, లేదా అప్పటికే 1840ల పెద్ద కరువులో పోయి ఉండాలి. బాప్తిస్మం రాతలో జ్ఞానతల్లి (బాప్తిస్మంలో బిడ్డకు తల్లిలా నిలిచే ఆవిడ) పేరు ఉంటుంది కదా, ఆవిడ ఇంటిపేరు మాత్రం ఒకే ఒక్క టౌన్‌ల్యాండ్‌లో దొరికింది. మా కోడలు ఆ గీత మీద వేలు పెట్టి తీయలేదు.

కిల్ఫెనోరాలో సగం కూలిన పాత కెథడ్రల్ ఉంది. పెద్ద రాతి శిలువలను గాజు కప్పు కింద భద్రంగా ఉంచారు. మేం వెళ్ళింది చుట్టూ ఉన్న సమాధుల కోసం. రాతి మీది పాచిని గీకకూడదు, సుద్ద రాయకూడదు, రాయి పాడవుతుంది. సాయంత్రపు ఎండను అద్దంతో పక్కవాటుగా రాయి మీదికి పంపాలి. అద్దం నా చేతిలో ఉంది. ‘అత్తయ్యా, ఇంకొంచెం ఎడమకి’ అంటోంది పిల్ల. కాస్త తిప్పేసరికి నున్నగా కనబడే రాతి మీద ముందు యేసు పేరుకు సంకేతమైన ఐ హెచ్ ఎస్ అన్న గుర్తు, తర్వాత ఇంటిపేరు నీడల్లా పైకి తేలాయి. మేం వెతికే ఇంటిపేరే, కానీ మావాళ్ళు కాదు. వాళ్ళకు రాయి వేయించే స్తోమత ఉంది.

అలా మూడు సాయంత్రాలు వెతికాం. మావాళ్ళ రాయి దొరకలేదు. మీరూ రోజులు పంచుకునేటప్పుడు కాగితాలకు ఎక్కువ, శ్మశానాలకు తక్కువ పెట్టుకోండి. పేదవాళ్ళ పేర్లు మిగిలింది కాగితం మీదే.

తిరుగుదారిలో ఎనిస్టైమన్ దగ్గర కరువు స్మారకం చూడండి. వర్క్‌హౌస్ (దిక్కులేని పేదలను ఉంచి పని చేయించుకునే చోటు) తలుపు ముందు నిలబడ్డ ఒక పసివాడి శిల్పం ఉంటుంది. 1848లో నాలుగేళ్ళ అనాథను చొక్కాకు చీటీ గుచ్చి అక్కడికి పంపారు. వాడి తల్లిని శవపేటిక కూడా లేకుండా పూడ్చబోతున్నారని ఆ చీటీలో ఉంది. మా అబ్బాయి అది చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు.

చివరి రోజు ఆ టౌన్‌ల్యాండ్‌కి వెళ్ళాం. రాతి గోడల మధ్య కారు పట్టీపట్టని దారి. గొర్రెల దొడ్డి దగ్గర ఒక పెద్దాయన ఆపి ఎవరు కావాలని అడిగారు. ఇంటిపేరు చెబితే, ఆ పేరువాళ్ళు ఇక్కడ లేక చాలా కాలమైందన్నారు. మా కోడలు ఫోన్‌లో బోస్టన్ సమాధి ఫొటో చూపించింది. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని, తన పారిష్ పేరును పైకి చదివారు. ఇంకోసారి చదివి, వచ్చి చూడమని లోపలున్న భార్యను కేకేశారు.