పాత తెలుగు సినిమా దాచుకోవడానికి ఏది మేలు: క్యాసెట్టా, వీసీడీనా, డీవీడీనా, హెచ్‌డీ వీడియోనా?

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఏ పాత మిద్దె అటక దులిపినా వీహెచ్ఎస్ క్యాసెట్లు, మూడేసి డిస్కుల వీసీడీలు, డీవీడీలు దొరుకుతాయి. అదే సినిమా ఫోన్లో హెచ్‌డీలో ఉచితంగా వస్తోంది కదా అని చాలామంది వాటిని పాత సామాన్ల బండికి వేసేస్తున్నారు. అలా వేసేముందు ఆగి చూడాలి. ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. రెడ్డిది కడప జిల్లా. సీమ మనుషులు తీసిన ఆ సినిమాలు వాళ్లు పెట్టిన ఫ్రేములో, వాళ్లు ఖాయం చేసిన సౌండుతో మన ఇంట్లో ఉండాలి. అలా చూస్తే ముందు సౌండ్, తర్వాత పూర్తి ఫ్రేమ్, ఆ తర్వాతే పిక్చర్ స్పష్టత. హెచ్‌డీ అన్న ముద్ర ఈ మూడోదాని గురించి మాత్రమే చెబుతుంది, అది కూడా అన్నిసార్లూ నిజం కాదు.

సౌండ్ సంగతి

1950లు, 60ల తెలుగు సినిమాల సౌండ్ మోనో, అంటే అంతా ఒక్క చానల్లోనే. ఫిల్ము అంచున ఒక్క ఆప్టికల్ ట్రాక్. ఎనిమిది వేల హెర్ట్జ్ దాటాక అందులో ఉండేది తక్కువే. ఆనాటి థియేటర్లలో వినిపించే తీరును బట్టే దాన్ని మిక్స్ చేశారు. అలాంటి ట్రాక్ మన చేతికి వచ్చేసరికి మూడు రకాలుగా ఉంటుంది: ‘స్‌స్’ అనే రొదతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించింది, రొద తీసేసి శుభ్రం చేసింది, 5.1గా, అంటే అయిదు స్పీకర్లకూ ఒక బేస్ స్పీకరుకూ పంచి మార్చింది.

రొద తీయడంలో ఒక చిక్కుంది. శ, ష, స అక్షరాల ధ్వని, గాయకుడు తీసుకునే ఊపిరి, తంబురా నాదం తోక, ఇవన్నీ ఆ రొద ఉన్న చోటే ఉంటాయి. యంత్రానికి తేడా తెలియదు, అన్నిటినీ కలిపి గీకేస్తుంది. పద్యం ఒకటి పెట్టి, రాగం తీసి ఆపేచోట చెవి పెట్టండి. గొంతు సన్నబడుతూ గాలిలో కలిసిపోతే ఆ ట్రాక్ బాగున్నట్టు. కత్తిరించినట్టు ఆగిపోయి, మాటకూ మాటకూ మధ్య చీకటి లాంటి నిశ్శబ్దం వస్తే అది పాడుచేసిన ట్రాక్. సురభి నాటకాలు పుట్టిన కడప జిల్లా వాళ్లకు ఈ తేడా ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

5.1 వ్యవహారం ఇంకో రకం. ఒక్క ట్రాకులో కలిసిపోయిన మాటనూ వాద్యాలనూ పాత పద్ధతుల్లో శుభ్రంగా విడదీయలేరు. అందుకే ఫిల్టర్లు వేస్తారు, ప్రతిధ్వని కలుపుతారు, కొన్నిసార్లు అడుగుల చప్పుళ్లు, డోలు దెబ్బలు కొత్తగా చేరుస్తారు. ఇంట్లో ఉన్నదేమో రెండు స్పీకర్ల టీవీ. అక్కడ అయిదు చానళ్లూ రెండుగా కుదించుకుపోయి డైలాగు సన్నగా, సంగీతం మోతగా వస్తాయి. ‘మాయాబజార్’నే తీసుకోండి. 1957 నాటి సినిమా నలుపు తెలుపు, మోనో. 2010లో రంగులద్ది, సౌండును పలు చానళ్ల డీటీఎస్ చేసి విడుదల చేశారు. థియేటర్లో పిల్లలకు చూపించడానికి అది పనికొచ్చింది, కాదనను. దాచుకోవాల్సింది మాత్రం మొదటిదే.

మీ కాపీలో ఉన్నది అసలు మోనోనా కాదా తేల్చడం తేలిక. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఆడియో తెరిచి, స్టీరియో ట్రాకును రెండు మోనోలుగా విడదీసి, ఒకదానికి ఇన్వర్ట్ (తరంగాన్ని తలకిందులు చేసేది) ఇచ్చి, రెండూ కలిపి ప్లే చేయండి. అసలు మోనో అయితే దాదాపు ఏమీ వినపడదు, కంప్రెషన్ వల్ల కొద్దిగా గరగర మిగలొచ్చు. పాట స్పష్టంగా మిగిలితే కుడిఎడమలను ఎవరో కల్పించారన్న మాటే. రెండు చానళ్లలో ఒకటి కాస్త వెనకబడి ఎక్కినా ఇలాగే మిగులుతుంది. కాబట్టి వేవ్‌ఫామ్ పెద్దది చేసి రెండూ ఒకే చోట మొదలవుతున్నాయేమో ముందు చూసుకోండి.

ఇక వేగం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిది 25. చాలా పాల్ కాపీల్లో ఫిల్మునే ఆ 25కు తగ్గట్టు పరిగెత్తిస్తారు. సినిమా నాలుగు శాతం పొట్టిదవుతుంది, శ్రుతి పెరుగుతుంది. హార్మోనియం లెక్కలో ఒకటో శ్రుతికీ ఒకటిన్నరకూ ఉన్న దూరంలో పదింట ఏడు వంతులు. ఘంటసాల గొంతు బరువు తగ్గి వినపడుతోందంటే కారణం తరచుగా ఇదే. సరిచూసుకోవడానికి సినిమా మొదట్లో వచ్చే సెన్సారు సర్టిఫికెట్ దగ్గర పాజ్ చేసి పొడవు చదవండి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు, అంటే 27.43 మీటర్లు నడుస్తుంది. 4,938 మీటర్లని ఉంటే సరిగ్గా మూడు గంటల సినిమా. మీ కాపీ 172 నిమిషాల 48 సెకన్లు వస్తే వేగం పెరిగింది. 160 వస్తే మధ్యలో సీన్లో పాటలో ఎగిరిపోయాయి. ఈ ఒక్క లెక్కతో సగం కాపీలను పక్కన పెట్టేయొచ్చు.

ఫ్రేమ్

పాత సినిమాలది 1.37కు 1 కొలత, దాదాపు పాత టీవీ ఆకారం. ఇప్పటి టీవీ 1.78. తెర నిండాలని పైనా కిందా కోసేస్తే ఎత్తులో 23 శాతం పోతుంది. కిరీటాలు, పాదాలు, నాట్యంలో ముద్రలు ముందు పోయేవి. కోయకుండా సాగదీస్తే మొహాలు లావెక్కుతాయి. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో వెడల్పు తెర సినిమాస్కోప్ మొదలైంది. ఆ కొలతలో తీసిన వాటిది ఎదురు బాధ. పాత టీవీ కోసం పక్కలు కోసిన క్యాసెట్లలో బొమ్మ 43 శాతం దాకా పోయింది. కాబట్టి స్కోప్ సినిమాకు తెర పైనా కిందా, పాత సినిమాకు కుడీ ఎడమా నల్ల పట్టీలు ఉండటమే సరైన లక్షణం.

ఏది దేనికి పనికొస్తుంది

క్యాసెట్ బొమ్మ సుమారు 240 గీతల స్పష్టతే ఇస్తుంది. ఆ సినిమా మరెక్కడా లేకపోతేనో, ఉన్నవన్నీ కోసినవో సౌండ్ మార్చినవో అయితేనో క్యాసెట్‌కు విలువ. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు పట్టినట్టు. దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. టేపు చినగడమే కాక, మెషిన్‌కు అంటిన బూజు తర్వాత పెట్టే క్యాసెట్లకూ ఎక్కుతుంది. బాగున్న టేపునైనా ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, వెనక్కి చుట్టి, ఆ తర్వాతే ఎక్కించాలి. వీసీఆర్లో తిరిగే డ్రమ్ము మీద టేపును చదివే హెడ్డు ఉంటుంది. దాన్ని తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ వాడండి. గుడ్డను కదలకుండా ఆనించి డ్రమ్మునే చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు చిట్లిపోతుంది. దూదిపుల్లలు అసలొద్దు. కంప్యూటర్లోకి 720 బై 576లో, బేసి, సరి గీతలు విడివిడిగా ఉండేలా, అంటే ఇంటర్‌లేస్‌డ్‌గానే, నాణ్యత తగ్గించకుండా కుదించే కోడెక్‌లో తీసుకుంటే గంటకు 30 జీబీ పైచిలుకు పడుతుంది. చవక యూఎస్‌బీ పరికరాలు మధ్యలో ఫ్రేములు వదిలేస్తాయి, దానివల్ల సినిమా చివరికి పెదాలకూ మాటకూ పొంతన తప్పుతుంది. ఎక్కించేటప్పుడు కరెంటు పోతే మళ్లీ మొదటికి రావాలి. యూపీఎస్ ఉంచుకోండి.

వీసీడీ పిక్చర్ గురించి చెప్పుకోవడానికేం లేదు. 352 బై 288, గళ్లు గళ్లుగా ఉంటుంది. కానీ దాని సౌండ్ 224 కేబీపీఎస్, 44.1 కిలోహెర్ట్జ్. మోనో సినిమాకు అది ధారాళంగా సరిపోతుంది. రొద తీసే మోజు పెరగకముందు ఎక్కించిన ట్రాకు వీసీడీలో దొరికే అవకాశం ఉంది కాబట్టి బొమ్మ బాగోలేదని డిస్కు పారేయకండి. ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్లోని డీఏటీ (.DAT) ఫైళ్లను కాపీ చేసుకుంటే చాలు.

డీవీడీల్లో ముందు చూడాల్సింది డిస్కులో ఎన్ని సినిమాలున్నాయన్నది. 8.5 జీబీ డిస్కులో మూడు గంటల సినిమా ఒక్కటే ఉంటే సెకనుకు ఆరు మెగాబిట్లు దక్కుతాయి. అదే డిస్కులో మూడు సినిమాలు కుక్కితే రెండు, 4.7 జీబీ డిస్కులో అయితే ఒకటికి కాస్త ఎక్కువ. అప్పుడది వీసీడీకి మెరుగు పూత పూసినట్టే. మూలన కంపెనీ లోగో ఉన్నా, ఒక్క సినిమాతో, పూర్తి ఫ్రేముతో, మోనో సౌండుతో ఉన్న డీవీడీని నేను కోసేసిన హెచ్‌డీ కన్నా పైన పెడతాను.

ఇక హెచ్‌డీ వీడియో. నెగెటివ్ నుంచో మంచి ప్రింటు నుంచో స్కాన్ చేసిందైతే దానికి సాటి లేదు. నగల మీద మెరుపు, చీర నేత, వెనక గోడ మీద గచ్చు, అన్నీ కనిపిస్తాయి. కానీ 1080పీ అని పెట్టినవాటిలో డీవీడీని సాగదీసినవి బోలెడు. కదిలే చేయి దగ్గర పాజ్ చేయండి. రెండు చేతుల నీడ కనపడినా, అంచులు దువ్వెన పళ్లలా ఉన్నా మూలం చాలావరకు డీవీడీయే. ఫిల్ము రేణువులు లేకుండా మొహాలు మైనం పూసినట్టుంటే సాఫ్ట్‌వేర్ నునుపు చేసింది. ఆన్‌లైన్లో ఉన్నది రేపు ఉంటుందన్న భరోసా కూడా లేదు. హక్కుల గొడవొస్తే పాట మూగబోతుంది, లేదా వీడియోనే పోతుంది.

రెండూ కలిపితే

అన్నిటికన్నా మేలైనది తరచుగా ఏ ఒక్క కాపీలోనూ ఉండదు. పిక్చర్ ఒకదాంట్లో, సౌండ్ ఇంకోదాంట్లో ఉంటుంది. మీరు కొన్న డిస్కుల నుంచి మీ ఇంటి మటుకు చేసుకునే పని ఇది. హక్కుదారు అనుమతి లేకుండా పంచడం, అప్‌లోడ్ చేయడం తగదు.

ముందు ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్లో రెండింటి ఫ్రేమ్ రేటు చూడండి. పిక్చర్ 24, సౌండ్ 25 కాపీది అయితే ఆడాసిటీలో స్పీడ్ మార్పు మైనస్ 4 శాతం ఇవ్వాలి. పిక్చర్ 23.976 అయితే మైనస్ 4.096. టెంపో మార్పు వాడితే శ్రుతి దిగదు, స్పీడే మార్చాలి. నాణ్యత తగ్గని ఆడియో ఫైలు రకమైన మోనో ఫ్లాక్‌గా సేవ్ చేసి, వీడియోనూ ఆడియోనూ ఒకే ఫైలుగా చేసే ఎంకేవీటూల్‌నిక్స్‌లో పిక్చర్‌తో కలిపి, మొదట్లో ఉన్న తేడాను మిల్లీసెకన్లలో ఇవ్వండి. ఆ తర్వాత మధ్యలోనూ చివరా పెదాలు చూడాలి. తేడా మెల్లమెల్లగా పెరుగుతూ పోతే వేగం లెక్క తప్పింది. ఒక్కచోట ఉన్నట్టుండి ఎగిరితే అక్కడ రీలు మారింది. రీలు చివర ఫిల్ము తెగి అతికినప్పుడు కొన్ని ఫ్రేములు పోతాయి, అవి రెండు ప్రింట్లలో ఒకేలా పోవు. అతుకు జాడ తెలియడానికి కుడివైపు పైమూల చూస్తుండండి. రీలు మారేముందు గుండ్రటి చుక్క రెండుసార్లు మెరుస్తుంది, సుమారు ఎనిమిది సెకన్ల ముందొకటి, సెకను ముందొకటి. అక్కడ సౌండులో అంతమేర నిశ్శబ్దం చేర్చడమో కోయడమో చేస్తే మిగతా రీలంతా సర్దుకుంటుంది. ఒక సాయంత్రం కూర్చుంటే రెండు మూడు రీళ్లు తెములుతాయి. విసుగు పని, కానీ చేయదగ్గ పని.

దాచడంలో సీమ ఎండను లెక్కలోకి తీసుకోవాలి. పడమటి గోడకానుకున్న ఇనప బీరువాలో డిస్కులు పెట్టకండి. కింది వైపు ఊదారంగులో ఉండేవి ఇంట్లో రాసుకున్న డిస్కులు. వాటి రంగు వేడికి, వెలుతురుకు చెడుతుంది కాబట్టి ముందు వాటినే కాపీ చేయాలి. వెండిలా మెరిసే కంపెనీ అచ్చు డిస్కులు కొంతకాలం ఆగగలవు. సీడీ, వీసీడీలకు డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది, పైన గీత పడితే అది తిరిగిరాదు. ఫైళ్లను రెండు హార్డ్ డిస్కుల్లో, వీలైతే రెండు ఇళ్లలో ఉంచి ఏడాదికోసారి తెరిచి చూడండి. టీవీ ఫ్లాక్ చదవకపోతే అదే ఫైల్లో రెండో ట్రాకుగా ఏఏసీ రకం ఆడియో పెట్టండి. టీవీలో కదలికను నునుపు చేసే మోషన్ స్మూతింగ్, సరౌండ్ రెండూ ఆపేసి, పిక్చర్ సైజు ఒరిజినల్‌కు మార్చుకోండి.